గంజి పెట్టిన డాలరు

మా వీధిలో ప్రతి రెండో ఇంటికీ పరాయి దేశంలో ఒక మనిషి ఉన్నాడు. అందుకే అద్దెలు డాలర్లలో, తగాదాలు మాత్రం మన భాషలో. మడత పడిన డాలరు చెల్లదని అందరికీ గట్టి నమ్మకం. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. ఎదురింటావిడ మరీను. వెనకాల అందరూ ఆవిణ్ణి డాలరమ్మ అంటారు. ఇస్త్రీ బట్టలిచ్చేటప్పుడు నేను మాత్రం పిన్నిగారూ అంటాను.

ఆవిడ ముందుగదిలో బట్టలు కుట్టే పిల్ల అద్దెకుంటోంది. ఆ నెల వాళ్ళక్క అద్దెకని వంద డాలర్ల నోటు పంపింది, జాకెట్టు అంచులో మడిచి కుట్టి, తెలిసినవాళ్ళ చేతికిచ్చి. విప్పి చూస్తే ముడతల పుట్ట.

“ఇది నోటా, ముక్కు తుడుచుకున్న రుమాలా? సాయంత్రంలోగా కొత్తది తేకపోతే మిషనుతో సహా బయటికి నడు,” అంది డాలరమ్మ.

వీధివైపు కిటికీ ఉన్న ఆ గది పోతే పిల్ల గిరాకీ కూడా పోతుంది. ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

“ఊరుకోవే. కాలర్లు నిలబెట్టేదాన్ని, నోటు పరువు నిలబెట్టలేనా?”

గంజి చిలకరించి, పైన గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టె అదిమాను. నోటు అట్టముక్కలా బిగుసుకుంది. దాన్ని చూసి డాలరమ్మ మురిసిపోయింది.

“చూశావా, గట్టిగా అడిగితే కొత్తది ఎలా ఊడిపడిందో!”

మర్నాడు దాన్ని బంగారం కొట్టుకు పట్టుకెళ్ళింది. చాటుగా డాలర్లు మార్చేది ఆ కొట్టాయనే. ఆయన నోటు వంచబోతే పటపటలాడింది. దొంగనోటంటూ తిప్పి కొట్టాడట. డాలరమ్మ నిప్పులు కక్కుతూ వచ్చి పిల్ల మిషను గుమ్మంలోకి ఈడ్చింది.

ఇక లాభం లేదని ఆవిడ చేతిలో నోటు లాక్కుని నా నీళ్ళ బకెట్టులో ముంచాను. ఆవిడ కేకకు వీధి వీధంతా వచ్చేసింది. గంజి పోయింది, రంగు పోలేదు. దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేస్తే పాత ముడతలన్నీ బుద్ధిగా తిరిగొచ్చాయి. డాలరమ్మ గొణుక్కుంటూ పట్టుకెళ్ళింది. ఈసారి కొట్టాయన వంచి చూసి తీసుకున్నాడు. మిషను మళ్ళీ కిటికీ దగ్గరికి చేరింది. ఆ కుట్టు చప్పుడు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండానే డాలరమ్మ కొంగుచాటున కొత్త నోట్లు తెచ్చింది.

“అల్లుడు పంపాడే. మరీ ఫెళఫెళలాడుతున్నాయి, కొట్టాయన అనుమానిస్తాడేమో. కాస్త నలిపి పెట్టవూ?”

“అయ్యో, దానికేం పిన్నిగారూ! నలపడానికి ఇస్త్రీ కూలికి రెట్టింపవుతుంది. మన డబ్బే ఇవ్వండి. డాలర్లు వద్దు, మడతలు పడతాయి.”