ఆ ఏడుపు నటన కాదు

నందిగామ కల్యాణమండపంలో తెర మీద తొమ్మిదేళ్ల ఇర్ఫానా వెక్కి వెక్కి ఏడుస్తుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయి అమ్ముకునేవాళ్ల మీద తీసిన సినిమా. తీసింది సతీష్‌బాబు, జగ్గయ్యపేట మిరప కూలీల సంఘం నాయకుడు.

సినిమా అయ్యాక మైకు పట్టుకుని గొప్పగా చెప్పాడు. "ఆ ఏడుపు నటన కాదండి. ‘మీ అమ్మ నిన్ను మాకు అమ్మేసి వెళ్లిపోయింది, ఇక రాదు’ అని పిల్లకి చెప్పాం. పిల్ల నిజంగానే ఏడ్చింది."

మళ్లీ చప్పట్లు. హాల్లోనే ఉన్న పిల్ల తల్లి రమీజాకి అప్పుడర్థమైంది. షూటింగు అయిన దగ్గర్నుంచి ఇర్ఫానా తన దగ్గరకు రావడం మానేసింది. దిష్టి తగిలిందనుకుని తాయెత్తు కట్టించింది, పిచ్చిది. మిరపకాయల తొడిమలు తీసే ముఠాలో పిల్లల్ని ఎవరో ఒకరి చేతికిచ్చి పనిలో కూర్చోవడం మామూలే. సతీషూ మనలో మనిషే కదా అని షూటింగుకి పిల్లని అలాగే ఇచ్చింది. ఎంత దగా.

రమీజా వేదికెక్కింది. "ఆ సీను తీసెయ్యన్నా."

"ఒక్క పిల్ల ఏడిస్తే వెయ్యిమంది బతుకుతారక్కా. మంచికే గదా."

"పిల్లల్ని అమ్ముకునే బ్రోకర్లు కూడా మంచికే అని చెప్పే తీసుకెళ్తారు."

"సినిమా గురించి నీకేం తెలుసు?"

"నా కూతురు గురించి తెలుసు."

సినిమాకొచ్చిన తొడిమల ముఠా ఆడవాళ్లు మొత్తం లేచారు. ముఠా పెద్ద రత్నమణి కొంగు బిగించింది. "పిల్లని ఏడిపించి పిల్లల కోసం అంటావేంట్రా? అది తీసేదాకా ఈ బొమ్మ ఎక్కడా ఆడదు." కథకి అవసరమని సినిమా చూడ్డానికొచ్చిన కాలేజీ కుర్రాళ్లు వాదించారు. ఆడవాళ్లు తెరకి అడ్డంగా బైఠాయించారు. ఆ కాలేజీ గుంపులోంచి గీతాంజలి అనే అమ్మాయి వచ్చి ఆడవాళ్ల పక్కన కూర్చుంది.

పోలీసులొచ్చారు. ఎవరు మొదలెట్టారని ఎస్సై అడిగాడు.

పోలీసులడిగితే ఎవరి పేరూ చెప్పొద్దని కూలి పెంచమని చేసిన సమ్మెలో వీళ్లకి నేర్పింది సతీష్‌బాబే. ఆ సతీష్‌బాబే ఇప్పుడు వేలెత్తి చూపించాడు. "ఈవిడేనండి. రమీజా."

కానిస్టేబులమ్మ రమీజాని వ్యానెక్కించింది. వెనకే ఇర్ఫానాని ఎత్తుకుని ముఠా అంతా ఎక్కేసింది. మీరెందుకని గదిమితే, "ఒక్కదాన్ని పంపే అలవాటు మాకు లేదు" అంది రత్నమణి.

రమీజా కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. "నిన్నెవరికీ అమ్మలేదే. అబద్ధం చెప్పాడు."

ఇర్ఫానా తల్లి మొహంలోకి చూసింది. "మరి సతీష్ మామ ఎందుకట్లా చెప్పాడు?"

"నువ్వు ఏడిస్తే బాగుంటుందని."



"రేపు ఈ బొమ్మ జగ్గయ్యపేటలో వేస్తారంట," అంది రత్నమణి. "వదిలిపెట్టగానే ఎవరూ ఇళ్లకెళ్లొద్దు. అందరం అక్కడికే."