మొదటి మేబెల్

ఏడో దెబ్బకు తాడు జారింది. గంట మేబెల్ దాన్ని ఒడిసి పట్టుకుని, కుడికాలు గోడకు తన్నిపెట్టి, మిగిలిన ఐదు దెబ్బలూ లెక్క తప్పకుండా కొట్టింది. పొద్దున ఆరింటికి పన్నెండు, సాయంత్రం ఆరింటికి పన్నెండు. నలభై ఒక్క ఏళ్ళుగా చర్చిలో ఇదే ఆమె పని. తాడు లాగీ లాగీ కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. ఆమెకు రవికెలు కుట్టే కుట్టుమిషను మేబెల్ ఆ భుజానికి వేరే కొలత రాసిపెట్టుకుంది.

ఆ పేటలో మేబెల్ అంటే ఏ మేబెల్ అని అడక్కుండా మాట ముందుకు సాగదు. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో బస్సు దిగి, మిరప చేల మధ్య మైలు నడిస్తే వస్తుంది మిషనుపేట. నూట ఇరవై గడపలు, పదకొండు మంది మేబెళ్ళు. మిరపకోతలకు కూలీల ముఠా కట్టే ఆవిడ మిరప మేబెల్. బడిలో వంట చేసేది బువ్వ మేబెల్. ఇంటిపేర్లు ఎవరికీ అక్కర్లేదు. రేషను బియ్యం దగ్గర "మేబెల్" అని ఒక్క కేక వేస్తే సగం వరుస ముందుకు జరుగుతుంది.

గంట మేబెల్ గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. పుట్టడం పొట్టిగానే పుట్టింది, డెబ్భై నాలుగేళ్ళకు ఇంకాస్త పొట్టిదైంది. పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది, ఆ పిల్ల సత్తెనపల్లిలో కాపురం చేసుకుంటోంది, భర్త ఎప్పుడో పోయాడు. ఏ సభలోనూ ఆమెను వేదిక మీదికి పిలవలేదు. పిలిస్తే కుర్చీలు తుడవడానికనుకుని గుడ్డ పట్టుకుని వెళ్ళే రకం. మనిషి మాత్రం ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. పై వరసలో రెండు పళ్ళు లేకపోవడం వల్ల ఆ నవ్వు మరీ బాగుండేది.

గంట కొట్టాక బెంచీలు తుడిచింది, వాకిలి ఊడ్చింది. అప్పటికే చర్చి ముందు అరుగు మీద నాపరాయి పలకను గోడకు ఆనించి, నదీం పనిముట్లు పరుచుకుంటున్నాడు. రాళ్ళ మీద పేర్లు చెక్కడం అతని పని. మాచర్ల చుట్టుపక్కల శంకుస్థాపన రాయి కావాలన్నా సమాధిరాయి కావాలన్నా అతన్నే పిలుస్తారు. ఆదివారం చర్చికి నూరేళ్ళ పండగ. ఇవాళ శుక్రవారం. సంఘం పెద్ద ఇన్నయ్య, రిటైరైన హెడ్మాస్టరు, రాయి మీద చెక్కాల్సింది కాగితం మీద రాసి ఇచ్చాడు: "ఈ పేటకు వైద్యము తెచ్చిన మేబెల్ దొరసాని జ్ఞాపకార్థము."

ఆ కాగితం చూసినప్పటి నుంచి, అంటే మూడు రోజులుగా, గంట మేబెల్‌కు అన్నం సయించడం లేదు. అదంతా అబద్ధమని లోకంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

తెల్లదొరసాని వచ్చిన మాట నిజమే. ఇప్పుడు చర్చి ఉన్నచోటే తాటాకు పందిరి వేసుకుని మందులిచ్చిన మాటా నిజమే. బిడ్డ అడ్డం తిరిగి, ఇక తల్లి దక్కదని అందరూ చేతులెత్తేసిన పురుడొకటి ఆమె పోసింది. తల్లీ బిడ్డా బతికారు. బయటికి వచ్చిన దొరసాని, మందులపెట్టెలు మోసుకొచ్చిన తన కంచర గాడిద మెడ రెండు చేతులా కావిలించుకుని, దాని చెవిలో "మేబెల్, మేబెల్" అని ముద్దుముద్దుగా పలికింది. పేటలో వాళ్ళు అదంతా చూశారు. అంత ప్రేమగా పలికే మాట ఆడపిల్ల పేరే అయ్యుండాలని, తన దేశంలో వదిలొచ్చిన కూతుర్ని తలుచుకుని గాడిదకు చెప్పుకుంటోందని తీర్మానించుకున్నారు. బిడ్డకు ఆ పేరే పెట్టి బాప్తిస్మానికి తెచ్చారు. దొరసాని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ పిల్లను ముద్దాడింది గానీ సంగతి మాత్రం చెప్పలేదట. ఆ తర్వాత ఆమె చేతుల మీద పుట్టిన ఆడపిల్లలు చాలామంది మేబెళ్ళే అయ్యారు. రెండు తరాలు గడిచేసరికి కూతురి మాట మరుగున పడి, దొరసాని పేరే మేబెల్ అని ఖాయమైపోయింది.

అడ్డం తిరిగి పుట్టిన ఆ పిల్ల గంట మేబెల్‌కు అమ్మమ్మ. పెద్దయ్యాక దొరసాని దగ్గర ఆయాగా చేసింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తనది గాడిద పేరని. మనవరాలికి పెళ్ళి కుదిరిన ఏడు ఆ రహస్యం చెప్పి, దొరసాని అసలు పేరు నేర్పించింది. నోరు తిరగని పేరు. ఎర్మింట్రూడ్. పప్పు రుబ్బుతూ, జడ వేస్తూ, "ఏదీ, ఇంకోసారి చెప్పు" అంటూ పలికించేది. "నాతో పోకూడదే ఆ పేరు. ఎవరికీ చెప్పమాక, నువ్వు మాత్రం మర్చిపోమాక" అంది. గంట మేబెల్ మర్చిపోలేదు. రోజూ పన్నెండో దెబ్బ కొట్టాక తాడు వదులుతూ ఆ పేరు ఒకసారి నోట్లోనే అనుకునేది.

పది గంటలకు వందన వచ్చింది. ఇన్నయ్య కోడలు, బడిలో టీచరు. ఆదివారం మేబెల్ అనే పేరు మీద నాలుగు మాటలు మాట్లాడాలని ఫోనులో వెతికి పెట్టుకుంది. మెట్ల మీద కూర్చుని ముసలామెకు చదివి వినిపించింది.

"చానా పాత పేరంట అత్తమ్మా. లాటిన్ మాటలోంచి వచ్చిందంట. ప్రేమించదగింది, ముద్దొచ్చేది అని అర్థం. నూట ఇరవై ఏళ్ళ కింద ఇంగ్లండులో వీధి వీధికీ మేబెళ్ళేనంట. తర్వాత ముసలమ్మల పేరని పెట్టటం మానేశారు. ఇప్పుడు మళ్ళీ పుట్టిన పిల్లలకి పెడతన్నారు."

"ఆళ్ళు మానేసినప్పుడు గూడా మనం మానలేదుగా" అంది గంట మేబెల్, కాస్త గర్వంగానే. చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "అమ్మాయ్, దాంట్లో ఇంకో పేరు చూస్తావా? ఎర్మింట్రూడ్."

"అదేం పేరు? ఎవరిది?"

"చూడమంటంటే."

నాలుగైదుసార్లు తప్పు కొట్టాక దొరికింది. వందన చదివింది. "ఇదీ పాతదే. జర్మనీ వైపుదంట. నిండు బలం అని అర్థమంట. ఇప్పుడు ఎవరూ పెట్టుకోవట్లేదు. ఎక్కడో ఒకరో ఇద్దరో తప్ప ఆ పేరు గలవాళ్ళే లేరని రాశారు."

గంట మేబెల్ పలక వైపు చూసింది. గాడిదకేమో పేట నిండా పేరు నిలబెట్టే వాళ్ళున్నారు. తిండీ నిద్రా మానుకుని తల్లుల్ని బతికించిన మనిషికి ఒక్కరంటే ఒక్కరు లేరు. తన నోట్లో ఒక్కచోట మిగిలింది ఆ పేరు. ఆ నోరు ఎన్నాళ్ళుంటుంది? సాయంత్రానికి రాయి మీద అబద్ధం పూర్తయిపోతుంది. రాయి ఎక్కిన అబద్ధాన్ని ఎవరు చెరపగలరు? అవతల ఉలి దెబ్బలు టకటకమంటున్నాయి.

మధ్యాహ్నం పని చూడడానికి ఇన్నయ్య వచ్చాడు. అప్పటికి నదీం, ఎప్పటిలా పేరు ముందుగా, పలక నడిమధ్య పెద్ద అక్షరాలతో "మేబెల్" అన్న మాట ఒక్కటీ చెక్కాడు.

"ఇంక ఆపమను తమ్ముడూ" అంది గంట మేబెల్. "దొరసాని పేరు మేబెల్ కాదు."

"ఏందక్కా నువ్వనేది? మరి మేబెల్ ఎవరు?"

"ఆమె మందులు మోసిన కంచర గాడిద."

నదీం ఉలి ఆగింది. ఇన్నయ్య కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. గంట మేబెల్ మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. జీవితంలో అంతసేపు ఒకరికి ఎదురుగా నిలబడి మాట్లాడటం ఆమెకదే మొదలు. ఒక్క ముక్క కూడా మింగలేదు.

"గమ్మునుండక్కా" అన్నాడు ఇన్నయ్య గొంతు తగ్గించి. "ఎల్లుండి పది ఊళ్ళ నుంచి జనం వత్తన్నారు. ఈ సంగతి బయటపడితే పక్కూరోళ్ళు మనల్ని గాడిదలపేట అనకుండా ఉంటారా? మా అమ్మ సమాధి మీద ఆ పేరుంది. దాన్నేం చెయ్యమంటావు?"

"మీ అమ్మ పుట్టినప్పుడు చెయ్యేసి బయటికి లాగింది ఎవరు తమ్ముడూ? గాడిదా?"

ఇన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని రాయి వైపు తిరిగాడు.

మెట్ల మీద నుంచి అంతా విన్న వందన ఊరుకుంటుందా? ఫోనులో ఇద్దరికి చెప్పింది. పావుగంటలో మేబెళ్ళందరూ అరుగు దగ్గర ఉన్నారు. చేలో నుంచి మిరప మేబెల్ తలగుడ్డతోనే వచ్చింది. వచ్చేటప్పుడు ఆమె మొహం చూసి నదీం సుత్తి పక్కన పెట్టి కాస్త వెనక్కి జరిగాడు.

"ఏందే గంటా! నాది గాడిద పేరా?"

"అవునే. నాదీ అదేగా."

మిరప మేబెల్ తలగుడ్డ లాగి పక్కన పడేసింది. తర్వాత పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడి నవ్వింది. "మా ఆయన ముప్పై ఏళ్ళ నుంచి నన్ను గాడిదా గాడిదా అంటన్నాడు. తిడతన్నాడనుకున్నానే! పేరు పెట్టే పిలుస్తన్నాడు!"

అంతే. బువ్వ మేబెల్‌కు నవ్వు ఆగక పొలమారింది. కుట్టుమిషను మేబెల్ ఆమె వీపు మీద చరుస్తూ తనూ నవ్వింది. ఇన్నయ్య బిగబట్టి బిగబట్టి, చివరికి గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ దొరసాని పేరు పలకడానికి పూనుకున్నారు. ఎవరికీ నోరు తిరగలేదు. గంట మేబెల్ మధ్యలో నిలబడి "ఏదీ, ఇంకోసారి" అంటూ అందరిచేతా పలికించింది. పది నోళ్ళలో ఆ పేరు వినబడుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అందరి ముందే ఏడ్చింది.

ఇన్నయ్య సుద్దముక్క తీసుకున్నాడు. "మరి చెక్కింది ఎట్టా? చెరపగలవా నదీమూ?"

"చెక్కింది పోదు సారూ. రాయి మార్చాల. కాకపోతే పైన శిలువకని చోటుంచాను. అక్కడ ఇంకో వరస పడుద్ది."

"చెరపటం ఎందుకు?" అంది గంట మేబెల్. "ఆమెను ఇక్కడికి మోసుకొచ్చింది అదేగా. ఉండనీ."

ఇన్నయ్య సుద్దతో పైన "ఎర్మింట్రూడ్ దొరసాని" అని రాశాడు. మేబెల్ కింద ఇంకో వరస రాశాడు: "ఈ ఇద్దరికీ మా పేట దణ్ణాలు." రాసి, తల గోక్కున్నాడు. "గాడిదను కలిపి ఇద్దరు అనొచ్చునా అని..."

"అనొచ్చులే మామయ్యా" అంది వందన.

జనం ఇళ్ళకు పోయారు. గంట మేబెల్ ఇంటికెళ్ళి, మూడు రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిని, అమ్మమ్మ నాటి గ్లాసులో మజ్జిగ పోసుకుని మళ్ళీ వచ్చింది. అరుగు మీద గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. ఆమెకు చదువు అంతంత మాత్రం. ఒక్కో అక్షరం అయ్యాక చెప్పమని నదీంతో అంది. అతను చెక్కడం, ఊది దుమ్ము పోగొట్టడం, "ఇది 'ర్మిం' పెద్దమ్మా" అనడం. ఆమె "ఊఁ" అనడం. రెండు గంటలు అలాగే సాగింది. ఎండ అరుగు దిగి వాకిట్లోకి పోయింది.

"దొరసాని పేరు అయిపోయింది పెద్దమ్మా. చూడు" అన్నాడు నదీం.

ఊఁ అనలేదు. నిద్రపట్టిందనుకుని అతను కింది వరసకు దిగాడు, సుత్తి కాస్త మెల్లగా వేస్తూ. ఆమె తల గోడకు చేరి ఉంది. పెదవులు కొంచెం తెరుచుకుని, లేని రెండు పళ్ళ చోటు కనబడుతోంది.

వెలుతురు తగ్గాక నదీం ఆమెను లేపకుండా సామాన్లు సర్దుకుని వెళ్ళాడు. ఆరయింది. గంట మోగలేదు. పేటలో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గడియారాలు చూసుకున్నారు. "నిద్రపోయిందా ఏంది ఈ ముసల్ది" అని తిట్టుకుంటూ వచ్చిన మిరప మేబెల్, భుజం పట్టి కదిపి, చేతిని ముక్కు దగ్గర పెట్టి చూసి, పక్కన కూర్చుని ఆమె కొంగు సరిచేసింది. తర్వాత లేచి తాడు అందుకుంది. అలవాటు లేని చెయ్యి, కళ్ళనిండా నీళ్ళు. పదమూడు దెబ్బలు కొట్టింది. ఆ ఒక్క దెబ్బ ఎక్కువ వినగానే పేటంతా చర్చి వైపు నడిచింది.

శనివారం మట్టి చేశారు. ఆదివారం పండగ ఆగలేదు. ఆగితే ఆమెకు నచ్చదని ఇన్నయ్యే అన్నాడు. పది ఊళ్ళ జనం ముందు గాడిద కథ వందన చెప్పింది. జనం విరగబడి నవ్వారు. నవ్వడం అయ్యాక పలక ముందు వరసకట్టి దొరసాని పేరు పలికి చూశారు. విందు ముగిశాక ఎవరి గిన్నెలు వాళ్ళు వెతుక్కున్నారు. పేటలో గిన్నెలన్నింటి మీదా పేర్లు కొట్టించి ఉంటాయి. పది మంది మేబెళ్ళూ పేరు పక్కన తమ తమ గుర్తులు చూసుకుని తమవి ఏరుకున్నారు. అరుగు మీద శుక్రవారం నుంచి కదలని స్టీలు గ్లాసు ఒకటి మిగిలింది. అడుగున మజ్జిగ ఎండి ఉంది, అంచు కింద చుక్కలు చుక్కలుగా, పక్కన ఏ గుర్తూ లేకుండా, వట్టి మేబెల్ అని ఉంది.