వర్జ్యానికి ముందు బయలుదేరిన సంచి

నేను ఒక ఆటోనని ఇప్పుడు నన్ను చూసినవాళ్ళకి నోరు తెరిచి చెప్పుకోవలసిన గతి పట్టింది. చక్రాలు లేవు. ముందు అద్దం లేదు. బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు వెనక నన్ను ఇటుకల మీద కూర్చోబెట్టారు. మెకానిక్కులు వచ్చి తమకు పనికొచ్చే ముక్క విప్పుకుపోతుంటారు. నిన్న ఒకాయన బ్రేకు పెడలు పట్టుకుపోయాడు. పట్టుకుపోనీండి. పోయిన సామాను గురించి నాకు దిగులు లేదు. నన్ను లోపల్లోపల తినేస్తున్న సంగతి వేరే ఉంది.

పుట్టింది పూణే వైపు. లారీలో ఒకళ్ళ వెనక ఒకళ్ళం ఇరుక్కుని ఈ ఊరు వచ్చాం. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు అన్నీ అయ్యాయి. మొదటి యజమాని బుచ్చిబాబు నా వీపు మీద పెద్దక్షరాలతో 'అమ్మ దీవెన' అని రాయించాడు. ఆ అమ్మని మాత్రం ఒక్కనాడూ ఎక్కించుకోలేదు. ఆవిడ కూరల సంచితో సిటీ బస్సు కోసం నిలబడి ఉంటే, ఆ పక్కనించే రయ్యిమని పోయిన రోజులున్నాయి. రెండో యజమాని ఇస్సాకు మంచివాడే గానీ, బ్రేకుల మీద కంటే పాటల మీద శ్రద్ధ ఎక్కువ. అతను బిగించిన స్పీకర్ల బరువుకి నా వెనక స్ప్రింగులు కుంగిపోయాయి. మూడోవాడు షేక్ మీరావలి. పటమట స్టాండు అతనిది. నేను చెప్పుకోవలసిన కథంతా ఇతని చేతిలో ఉండగా జరిగిందే.

మీరావలికి గన్నవరం విమానాశ్రయం కిరాయి తగిలితే పండగ. నాకూ అంతే. సందుల్లో గేదెల వెనకా స్కూలు పిల్లల వెనకా పాకే బతుక్కి ఆ హైవే ఒక్కటే కాస్త గాలి. పైగా విమానానికి పోయేవాళ్ళు భలే తమాషా మనుషులు. రామవరప్పాడు రింగు దాకా సంచులు తడుముకుంటూనే ఉంటారు. నిడమానూరు దగ్గర గ్యాసు కట్టేశామా అని ఇంటికి ఫోను చేస్తారు. గూడవల్లి దాటితే గొంతు మారి మాటల్లో ఇంగ్లీషు పడుతుంది. తీరా గేటు కనబడగానే, "ఇక్కడాపెయ్ బాబూ" అని ఇంత దూరంలోనే దిగిపోతారు. ఆటోలో వచ్చామని ఎవరైనా చూస్తారని సిగ్గు. చక్రాల పెట్టె దొర్లించుకుంటూ, కారు ఎక్కడో నీడలో పెట్టి వస్తున్నట్టు నడుస్తారు. ఎలాగూ మా ఆటోలు గేటు దగ్గరే ఆగిపోయేవి గనక నేను విమానాన్ని నేల మీద ఉండగా చూడనేలేదు. నెత్తి మీదనించి పోయేటప్పుడు దాని పొట్ట చూశాను, అంతే.

స్టాండు ఎదురు సందులో వీరరాఘవమ్మ గారి ఇల్లు. ఆవిడ కొడుకు ఫణి సరుకుల ఓడలో వంటవాడు. ఓడ ఎక్కితే నెలల తరబడి సముద్రమే. భార్య కుసుమ కాన్పు అయ్యేటప్పటికి ఎక్కడో ఆఫ్రికా చివర్న గిన్నెలు తోమిస్తున్నాడు. కూతురు లాస్యకి ఎనిమిది నెలలు నిండాయి, ఆ పిల్లని ఫోనులో తప్ప చూడలేదు. అలాంటిది, ఓడ ముంబైలో ఒక్క రాత్రి ఆగుతుందని కబురు వచ్చింది. తెల్లవారితే వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇల్లు చేరేది ఏడాదికో, ఇంకా ఎప్పటికో. ఆ మధ్యాహ్నం విమానానికి కుసుమ పిల్లనెత్తుకుని వెళ్తే తండ్రి కూతుర్ని ఒక్క పూట ఒళ్ళో పెట్టుకుంటాడు. వెళ్ళలేకపోతే లేదు.

ఇక ఇంటినించి గన్నవరం ఎలా చేరాలన్నదాని మీద సందు సందంతా సభ తీర్చింది. పక్కవాటా లెక్కల మాస్టారు సిటీ బస్సు ఎక్కమన్నాడు, గేటుకి ఎదురుగానే ఆపుతాడు, రోడ్డు దాటడమే కదా అని. చంటిపిల్లనెత్తుకుని ఆ లారీల మధ్య రోడ్డు దాటమంటారా అని ఆయన భార్యే గయ్యిమంది. అద్దెకిచ్చిన ఇంటాయన కొడుకు ఫోనులో కారు పిలుస్తానన్నాడు. మొహం తెలియనివాడి బండిలో మనవరాల్ని ఎక్కించనని వీరరాఘవమ్మ గారు ఒక్క మాటలో కొట్టేసింది.

"మీరావలి బండి హస్తవాసి మంచిది. కాన్పుకి ఆ బండిలోనే తీసుకెళ్ళాం. సుఖంగా అయింది గదా" అంది ఆవిడ.

బండికి హస్తవాసి ఎక్కడనించి వస్తుందో నాకు తెలియదు. కానీ ఆ మాట విని నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొంగే నాకు సిగ్గుగా ఉంటుంది.

ప్రయాణం రోజు పొద్దున్నే మీరావలి గుమ్మం ముందు నిలబడ్డాడు. "పదకొండుకల్లా బయల్దేరిపోవాలి మామ్మగారూ" అన్నాడు.

"అప్పుడు వర్జ్యంరా అబ్బాయ్. పిల్ల మొట్టమొదటిసారి తండ్రి మొహం చూడ్డానికి పోతుంటే వర్జ్యంలో గడప దాటించమంటావా?"

"మరెట్టాగండీ? విమానం మన వర్జ్యం చూసుకుని ఆగదు గదా."

"ప్రస్థానం పెట్టేద్దాం."

మంచి వేళలో మనిషి కదలలేకపోతే, మనిషి బదులు మూటో ముల్లో ముందుగా గడప దాటించి వేరే చోట ఉంచుతారు. అక్కడితో ప్రయాణం మొదలైపోయినట్టే. ఆ తర్వాత మనిషి ఏ వేళకి బయలుదేరినా దోషం లేదు. మామూలుగా పొరుగింట్లో పెడతారు. ఆ రోజు పొరుగువాళ్ళు పెళ్ళికి పోయారు. అందుకని ఆవిడ చూపు నా మీద పడింది. ఉత్త సంచి పెడితే ప్రస్థానం కాదు, ప్రయాణానికి తప్పకుండా కావలసింది అందులో ఉండాలంది. కుసుమ తన ఆధార్ కార్డు, టికెట్టు కాగితం, పాప గౌన్లు సంచిలో వేసింది. కార్డు చూపించనిదే లోపలికి రానివ్వరని కుసుమకి తెలుసు. తెలిసే వేసింది, సంచి ఉండేది ఎదురు స్టాండులోనే కదా అని. వీరరాఘవమ్మ గారు సంచికి బొట్టు పెట్టి తన చేత్తో నా సీటు వెనక ఉంచింది.

"ఇక్కడే ఉంటావు గదా?"

"ఎక్కడికి పోతాను మామ్మగారూ, స్టాండులోనే" అన్నాడు మీరావలి. అబద్ధమాడాలని అనలేదు. అన్నప్పుడు అది నిజమే.

కాసేపు నిజంగానే కదల్లేదు. ఇంతలో బట్టల మూటలతో ఒక షావుకారు వచ్చి వన్‌టౌన్ అన్నాడు. మీరావలి రోడ్డు వైపు చూశాడు, కుసుమ వాళ్ళ సందు వైపు చూశాడు. పోయి రావడం ఎంతసేపులే అనుకున్నాడు. ఆటోవాడికి ఖాళీగా నిలబడటం ఎంత కష్టమో మీకు తెలియదు. వచ్చిన బేరం వదిలేస్తే అన్నం పళ్ళెం తోసేసినట్టు ఉంటుంది. నేను మాత్రం తక్కువా? స్టార్టు చెయ్యగానే గుర్రున లేచాను. నా క్లచ్చు తీగ పోగులు పోగులుగా విడిపోతున్న సంగతి నాకు వారం రోజులుగా తెలుసు. ఒక్కసారి మొరాయించి ఉంటే అతను చూసేవాడు. మొరాయించలేదు. హస్తవాసి ఉన్న బండినని విర్రవీగుతున్నాను గదా.

వన్‌టౌన్ చేరకుండానే, కాలవ వంతెన ఎక్కుతుండగా మూటల బరువుకి తీగ టప్పున తెగింది. వెనక లారీలు, బస్సులు, తిట్లు. షావుకారు మూటలు దింపించుకుని వేరే బండి ఎక్కేశాడు. మీరావలి నన్ను పక్కకి నెట్టి కొత్త తీగ కోసం మనిషిని పంపాడు. అప్పుడు ఫోను మోగింది.

"ఎక్కడున్నావు మీరన్నా?" కుసుమ గొంతు.

"వచ్చేశా తల్లీ! బెంజి సర్కిల్ దగ్గరున్నా. ఐదు నిమిషాలు."

ఆటోవాళ్ళు రోజుకి ఇరవై సార్లు అనే మాట ఇది. పాపం అని కూడా అనుకోరు. కానీ ఆ ఒక్కసారి నిజం చెప్పి ఉంటే, ఇదిగో కాలవ వంతెన దగ్గర పడి ఉన్నానని అని ఉంటే, కుసుమ ఇంకో ఆటో ఎక్కి వచ్చి సంచి పట్టుకుని అటునించటే వెళ్ళిపోయేది. బెంజి సర్కిల్ అన్నాడు గనక ఎండలో పిల్లనెత్తుకుని సందు మొదట్లో నిలబడింది. రెండోసారి ఫోను చేసింది. అప్పుడూ వచ్చేశానన్నాడు. మూడోసారి చేసేటప్పటికి తీగ బిగించడం అయిపోయింది, నిజంగానే వస్తున్నాడు. అప్పటికి ఆ నిజం ఎవరికీ పనికిరాదు.

అంత వేగం నేను పుట్టిన తర్వాత ఎప్పుడూ పోలేదు. నా రేకులన్నీ గజగజలాడాయి. కుసుమ పాప తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. గేటు దగ్గర దిగి, సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. మీరావలి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి మా నెత్తి మీదనించి విమానం పొట్ట కనబడింది. ఆ తర్వాత కుసుమ గేటులోంచి బయటికి నడిచి వచ్చింది. ఈసారి పరుగెత్తడం లేదు.

"తలుపులు వేసేశారంట. ఇంటికి పోదాం అన్నా."

తిట్టి ఉంటే బాగుండేది. గూడవల్లి దగ్గర ఫణి ఫోను వచ్చింది. "అందలేదండీ" అని మాత్రం చెప్పి, పాప మొహం ఫోనుకి ఎదురుగా పెట్టింది. మీరావలి బండి ఆపి ఏదో చెప్పబోయాడు. మళ్ళీ స్టార్టు చేశాడు.

ఇంటి దగ్గర చూడాలి. బస్సులో టికెట్టు నేను తీస్తానంటే నేను తీస్తానని తోసుకునే చుట్టాల్లా, తప్పు నాదంటే నాదని ముగ్గురూ పోటీ పడ్డారు.

"నేను కిరాయికి పోయాను మామ్మగారూ. పోయి, ఫోనులో అబద్ధం చెప్పాను" అని మీరావలి గుమ్మం బయటే నిలబడి అన్నాడు.

"ప్రస్థానం అని ఊగింది నేను నాయనా. నిన్నని ఏం లాభం?"

"కార్డు సంచిలో వేసింది నేను గదా అత్తయ్యా."

నా తీగ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనుషులు తప్పులు పంచుకునేటప్పుడు బండికి వాటా పెట్టరు. నాకు రావలసింది నేనే ఉంచుకున్నాను. వీరరాఘవమ్మ గారు ఆ రోజు అన్నం తినలేదు. ఆ తర్వాత వర్జ్యం మాట ఆవిడ నోట నేను వినలేదు.

మీరావలి ఫోనులో 'వచ్చేశా' అనడం మానేశాడు. ఏ చెట్టు కింద ఉంటే ఆ చెట్టు పేరు చెప్పేవాడు. అంతటితో ఊరుకోలేదు. రోజూ సాయంత్రం బేరాలు వదులుకుని కుసుమ ఇంటి ముందు నన్ను ఆపేవాడు. పాపని ఒళ్ళో పెట్టుకుని, చిన్న చేతులు నా హ్యాండిలు మీద పెట్టి, పటమట సందులన్నీ మెల్లగా తిప్పేవాడు. కుసుమ వెనక కూర్చుని అన్నం ముద్దలు అందించేది. నన్ను ఎక్కితేగానీ ముద్ద మింగనని పాప మారాం చేసేదాకా వచ్చింది. మీరావలి మొహంలో కాస్త వెలుగు కనబడింది. ఏదో కొంత తీరుస్తున్నాను గదా అనుకున్నాడేమో. నేనూ అలాగే అనుకున్నాను. బుద్ధిలేనివాళ్ళం.

ఏడాది దాటాక ఫణి వచ్చాడు. అతన్ని తీసుకురావడానికి ఎవరో కారు ఇస్తామన్నా కుసుమ వినలేదు, మీరన్న బండే అంది. గేటు బయట ఎదురుచూస్తున్నాం, పాప మీరావలి చంకలో ఉంది. ఫణి పెట్టె లాగుకుంటూ వచ్చాడు. ఫోనులో కనబడేదానికంటే సన్నగా ఉన్నాడు. పెట్టె రోడ్డు మీదే వదిలేసి చేతులు చాచాడు.

"రావే తల్లీ. నాన్నని."

లాస్య అతని వైపు ఒకసారి చూసింది. కెవ్వుమని, మీరావలి ఖాకీ చొక్కా రెండు గుప్పిళ్ళా పట్టుకుని మొహం అందులో దాచేసుకుంది. మీరావలి వేళ్ళు విడదియ్యబోయాడు. ఒకటి విడదీస్తే ఇంకోటి బిగిసింది. ఫణి నవ్వాడు. నవ్వుతూనే తల తిప్పి హైవే మీద పోతున్న లారీల వైపు చూస్తూ నిలబడ్డాడు. కుసుమ నేలచూపులు చూసింది.

ఒక పూట పోగొట్టినవాళ్ళం అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ. ఆ సాయంత్రాలన్నీ కలిపి ఎంత పోగొట్టామో నాకు అప్పుడు తెలిసింది. మీరావలి మొహం చూస్తే అతనికీ తెలిసినట్టే ఉంది.

"ఇక్కడ ఎక్కండి సార్" అన్నాడు, డ్రైవరు సీటు చూపించి.

"నాకు తోలడం రాదన్నా."

"తోలక్కర్లేదు. హ్యాండిలు పట్టుకోండి, చాలు."

ఫణి ఎక్కాడు, కుసుమ వెనక సీట్లో కూర్చుంది. మీరావలి పాపని అతని ఒళ్ళో కుదేసి, ఏడుపు అందుకునేలోపల నా వెనక్కి పరుగెత్తాడు. పెట్టె కుసుమ పక్కన పడేసి, రెండు చేతులూ నా వీపుకి ఆనించి నెట్టాడు. ఇంజను చప్పుడు లేకుండా నేను కదిలాను. లాస్య మీరావలి కోసం అటూ ఇటూ వెతికింది. రోడ్డు కదులుతోంది. చేతులు అలవాటుగా హ్యాండిలు మీదికి పోయాయి. ఆ చేతుల మీద ఇంకెవరివో చేతులున్నాయి. వాటి వైపు కిందికి చూసింది. వెక్కిళ్ళు పెట్టింది గానీ చేతులు తియ్యలేదు.

కేసరపల్లి వైపు మట్టి బాట మీద అలా పోయాం. ఎండగా ఉంది. మీరావలి ఆయాసం నాకు వినబడుతోంది. కుసుమ వెనక రెక్సిను తెర పక్కకి తీసి తల బయట పెట్టింది.

"చాలన్నా. ఇక వచ్చి ఎక్కు."

"ఇంకొంచెం దూరం పోనియ్యమ్మా" అన్నాడు మీరావలి. "ఇప్పుడు ఎక్కితే నన్ను చూసేస్తది."

తల వంచుకుని నెడుతూనే ఉన్నాడు.