పలకల మీద ఉప్పు

ఉత్తరం వచ్చిన వేళ కొత్తకోడలు చీలమండల లోతు ఉప్పునీళ్ళలో ఉంది. ఉప్పు పనివాళ్ళ సంఘం గుమాస్తా గట్టు మీద సైకిల్ని పడేసి, కాగితం ఊపుకుంటూ ఒకటే పరుగు.

"వచ్చేసింది! ఎండతో నడిచే పంపు, మన సంఘానికే! ఖర్చంతా గవర్నమెంటుదే!"

ఉప్పుమడుల్లో ఆడవాళ్ళు ఉప్పు లాగే కర్రలు గాల్లోకి లేపి కేక పెట్టారు. డీజిల్ ఇంజన్ దగ్గర నిలబడ్డవాడు మాత్రం ఏమీ వినపడక, "ఏంటీ? ఏమైందీ?" అని అరుస్తున్నాడు. అతనే ఆమె భర్త. పెళ్ళయి సరిగ్గా నెల. పొద్దస్తమానం ఇంజన్ పక్కనే ఉండి నల్లబడ్డవాడు కాబట్టి మడుల్లో అందరూ అతన్ని 'పొగ' అంటారు.

"నీ పేరు మార్చాలిరా పొగా!" అని వాళ్ళమ్మ అరిచింది.

ఆ మడుల్లోకి సముద్రపు నీరు తోడాలి. తోడడానికి ఇంజన్ కావాలి, ఇంజన్‌కి డీజిల్ నూనె కావాలి. ఇంజన్లు కాంట్రాక్టర్‌వి, అద్దె తీసుకునేదీ, నూనె అమ్మేదీ ఆయనే. ఆ నూనె ఎక్కడో పరాయి దేశంలో ఓడెక్కి రావాలి. పోయిన వేసవిలో ఎవరెవరో యుద్ధానికి దిగారు. ఓడలు ఆగిపోయాయి. పంతొమ్మిది రోజులు ఇంజన్ మూగబోయింది, మడులు బీటలు వారాయి. ఎవరో ఎక్కడో కొట్టుకుంటే ఇక్కడ పొయ్యి వెలగలేదు.

కోడలు కాలేజీలో చదివింది. అందుకని ఆ ఉత్తరం చదివే పని ఆమెదే అయింది. పరాయి నూనె మీద ఆధారపడటం తగ్గించుకోవాలనే ప్రభుత్వం ఇలాంటి పంపులు ఇస్తోందని ఆమె అందరికీ విడమరిచి చెప్పింది.

"అయితే ఎండ కూడా ఓడలో రావాలా?" అంది అత్త.

"అక్కర్లేదత్తా. నెత్తి మీదే ఉంది."

"ఇన్నాళ్ళూ ఊరికే మాడి చచ్చాం కదే!"

నెల తిరక్కముందే పంపూ, దానికి ఎండను పట్టిచ్చే సోలార్ పలకలూ వచ్చి గట్టు మీద నిలబడ్డాయి. మొదటి రోజు పంపు నీళ్ళు పోస్తుంటే చప్పుడే లేదు. మడికి ఆ చివర నుంచి ఆమె భర్త, "నీళ్ళు తాగావా?" అని మామూలు గొంతుతో అడిగాడు. అంత దూరం నుంచి ఆ మాట అలా నెమ్మదిగా వచ్చి చెవిన పడేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. పెళ్ళయ్యాక పగటిపూట అతని గొంతు అరుపు కాకుండా వినడం అదే మొదలు. "తాగాను" అంది. కాసేపటికి, ఊరికే, మళ్ళీ "తాగాను" అంది.

తొమ్మిదో రోజు నీటిధార సన్నబడింది. పదకొండో రోజుకి పిల్లి తాగే పాలంత కూడా రాలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం కాంట్రాక్టర్ జీపు దిగాడు. చేతిలో కాగితం, జేబులో సిరా డబ్బా.

"చెప్పానా? ఎండతో పంపు నడుస్తుందా ఎక్కడైనా? ఇది పని చెయ్యట్లేదు, మాకొద్దు అని వేలిముద్రలు వెయ్యండి. పలకలు నేనే పట్టుకుపోతా. మీ ఇంజన్ మీకు తిరిగొస్తుంది."

"పట్టుకుపోయి ఏం చేస్తారయ్యా పని చెయ్యని పలకల్ని?" అని కోడలు అడిగింది.

"ఏమ్మా, నిన్న గాక మొన్న వచ్చావు, నీకెందుకు?"

ఆయన తన రొయ్యల చెరువుల దగ్గర ఈ పలకలు నిలబెట్టడానికి సిమెంటు దిమ్మెలు అప్పుడే కట్టించాడని గుమాస్తా ఆమె చెవిలో ఊదాడు. ఈలోగా ముగ్గురు ముసలివాళ్ళు వేలిముద్రలు వేసేశారు. మళ్ళీ పంతొమ్మిది రోజుల పస్తు వస్తుందేమోనని వాళ్ళ భయం.

ఉప్పు కొట్టంలో జనం గుమిగూడారు. నోళ్ళు లేచాయి.

"గవర్నమెంటు మనకిచ్చేది ఎప్పుడూ పాడైందే!"

"ఇంజన్ అయితే పొగ వదిలినా నీళ్ళిచ్చేది."

"పొగ నీ ఊపిరితిత్తుల్లోకి పోయిందా? వాడి ఊపిరితిత్తుల్లోకి పోయింది!" అని అత్త కొడుకు వైపు వేలు చూపించింది.

అతను తల దించుకున్నాడు. "నా తప్పేం లేదే అమ్మా. రోజూ తెల్లారేసరికి దుమ్ము లేకుండా పలకలు కడుగుతున్నా."

కోడలు తల తిప్పి చూసింది. "దేంతో కడుగుతున్నారు?"

"దేంతో ఏంటి, నీళ్ళతో."

"ఏ నీళ్ళతో?"

అతను మడి వైపు చూపించాడు. ఇంకేం చూపిస్తాడు? కాళ్ళు కడిగినా, గంపలు కడిగినా, పారలు కడిగినా అక్కడ ఎవరైనా మడి నీళ్ళే వాడతారు. మంచినీళ్ళు గొంతుకే. రెండు రోజులకోసారి ఊళ్ళోకి వచ్చే ట్యాంకర్ దగ్గర ఇంటికి రెండు బిందెలు దొరికితే గొప్ప.

ఆమె గట్టు మీదికి పరిగెత్తింది, కొట్టంలో ఉన్నవాళ్ళంతా వెనకే. పలక మీద తెల్లటి పొర. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

"అత్తా! మనం పలకల మీద ఉప్పు పండిస్తున్నాం!"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ పగలబడి నవ్వారు. పొగ మాత్రం చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఈ ఉప్పు ఎండకి అడ్డం పడింది. మంచినీళ్ళతో కడగాలి. ఇప్పుడే," అంది ఆమె.

నవ్వు ఆగిపోయింది. ట్యాంకర్ మళ్ళీ రేపటికి గాని రాదు. "పిల్లలకేం తాగిస్తావమ్మా?" అని చంటిబిడ్డ తల్లి గట్టిగానే అడిగింది. న్యాయమైన ప్రశ్న.

అత్త ఇంటికెళ్ళి తన బిందె నడుమున పెట్టుకొచ్చింది. "చంటిబిడ్డల ఇళ్ళు వదిలెయ్యండి. మిగతా వాళ్ళం ఒక్కపూట నాలుక ఎండబెట్టుకుందాం. పోయినేడు పంతొమ్మిది రోజులు కడుపే ఎండబెట్టుకున్నాం."

ఒక్కొక్క బిందే గట్టెక్కింది. గుడ్డలు తడిపి, పొదుపుగా, పసిబిడ్డ ఒళ్ళు తుడిచినట్టు తుడిచారు. పంపు ఒకసారి దగ్గింది. గొట్టం లోంచి నీరు ఎగిసి మడిలో పడింది. కాంట్రాక్టర్ కొత్త చొక్కా మీద కూడా పడింది.

"నడుస్తోందయ్యా!" అన్నాడు వేలిముద్ర వేసిన ముసలాయన. "నా ముద్ర నాకిచ్చెయ్."

"ముద్ర తిరిగివ్వడానికి అదేమన్నా చెప్పుల జతా?" కాంట్రాక్టర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పది గంటలకి లారీ వస్తుంది. వెనక పోలీసు వ్యాను వస్తుంది. అడ్డమొస్తే లోపలే ఉంటారు."

జీపు వెళ్ళిపోయింది. గుమాస్తా ముఖం పాలిపోయింది. "మనల్ని నిజంగానే పట్టుకుపోతారేమో."

"ఉత్తరంలో సంఘానికి ఇచ్చామని ఉంది. ముగ్గురికి ఇచ్చామని లేదు," అంది కోడలు. "సంఘం అంటే మనం ఎనభై మందిమి. ఎంతమందిని పట్టుకుపోతారో పోనివ్వండి."

పొగ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నా పేరు ముందు రాసుకోమనండి," అన్నాడు.

అత్త జీపు వెళ్ళిన బాట వైపే చూస్తోంది. రెండు మడుల మధ్య మట్టి బాట. పంపు దగ్గరికి లారీ రావాలంటే అదొక్కటే దారి.

"ఈ బాట ఎవరు పోశారు?"

"మనమే కదా, తట్టలతో మోసి," అన్నాడు ముసలాయన.

"మరి తవ్వడానికి ఎవర్నడగాలి?"

అత్త ఉప్పు కుప్ప ఎక్కి నిలబడింది.

"వినండి! రేపు తెల్లారేసరికి ఇంటికో పార ఇక్కడుండాలి. ఎనిమిది కల్లా బాట తవ్వి కొత్త మడి చేస్తాం. ఎండెక్కగానే మన పంపుతోనే నీళ్ళు పెడతాం. పది గంటలకి లారీ అవతలి గట్టున ఆగుతుంది. పోలీసులు రావాలంటే బూట్లు విప్పి, మోకాళ్ళ దాకా మడిచి, మన మడిలోకి దిగి రావాలి. దిగాక వాళ్ళకీ చెబుదాం, ఈ ఎండ ఎవరిదో!"