కానీ తరవాతి మాట

మాట పడిపోయాక పెద్దాయనకు మిగిలింది ఒకే ఒక్క మాట. "కానీ."

అంతకుముందు ఆ ఇంట్లో "వద్దు" అనే మాట మీద సర్వహక్కులూ ఆయనవే. కిటికీకి రంగు మారుద్దామంటే వద్దు. కుంటి కుర్చీ తీసేద్దామంటే వద్దు. కొడుకు ఉద్యోగం మారతానన్నా ముందు వద్దు, ఆ తరవాతే ఆలోచన. ఒకసారి కోసిన చెక్క మళ్ళీ అతకదు గనక, ముందు వద్దనుకుని తీరిగ్గా ఆలోచించడం వడ్రంగంతో పాటే ఆయనకు అబ్బిన గుణం.

పక్షవాతం కుడి చేతినీ నాలుకనూ పట్టుకుపోయింది. తలలో మాత్రం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చెప్పవలసిన వాక్యం లోపల నిండుగా తయారయ్యేది. కానీ, అది అక్కడ పెడితే దారికి అడ్డం కదా. కానీ, నన్నొకసారి ఆలోచించుకోనివ్వండి. నోరు తెరిస్తే అందులో మొదటి మాట ఒక్కటే బయటపడేది. మిగతాది గుమ్మం దాకా వచ్చి సిగ్గుపడే పిల్లలా వెనక్కి పోయేది. వినేవాళ్ళకేమో ఆ ఒక్క మాట చాలు, ఆయన తల అడ్డంగా ఊపేది చూడకుండానే పనిలో పడిపోయేవాళ్ళు. ఆయన అడ్డు చెప్పబోయిన ప్రతిసారీ అనుమతి ఇచ్చినట్టయ్యేది.

మంచం కిటికీ దగ్గర్నుంచి గోడవారకు అలాగే మారింది. పక్కింటాయన చెక్కకు బెజ్జాలు వేసే బరమా అడిగి పట్టుకుపోయి తిరిగివ్వలేదు. మంగలి ఇంటికొచ్చి గడ్డం గీస్తూ, మీసం కూడా తీసేస్తే హాయిగా ఉంటుంది, తీసెయ్యనా అని అడిగాడు. పెద్దాయన కంగారుగా "కానీ" అన్నాడు. అద్దం చూపించేసరికి పై పెదవి మీద, వయసు వచ్చిన దగ్గర్నుంచీ ఎండ ఎరగని చర్మం బోసిగా కనిపించింది. మంగలి మాత్రం పదేళ్ళు తగ్గిపోయారండీ అని మురిసిపోయాడు.

పక్కగదిలో కొడుకు ఎవరితోనో ఫోన్లో, నాన్న చాలా మారిపోయారు, ఇప్పుడు దేనికీ అడ్డు చెప్పడం లేదు, మెత్తబడ్డారు అని సంతోషంగా చెప్పడం పెద్దాయన విన్నాడు. కోపం వచ్చింది. తరవాత కోపం కన్నా వింతైనదేదో వచ్చింది. తన పేరుతో, తన కుర్చీలో, అందరికీ నచ్చే మరో మనిషి కూర్చుని ఉన్నాడు. ఇంట్లో వాళ్ళు వాడికి అన్నం పెడుతున్నారు, వాడి దుప్పటి సర్దుతున్నారు. వాళ్ళ ప్రేమలో కల్తీ లేదు. చేరుతున్న చిరునామాయే తప్పు.

మెట్ల కింద ఉన్న పనిముట్ల పెట్టె సంగతి ఆ రోజుల్లోనే వచ్చింది. అది మొదట ఆయన గురువుది. టేకు చెక్క, మూలల్లో మేకన్నది లేకుండా పళ్ళు పళ్ళుగా దిగిన అతుకులు, మూత ఎత్తే చోట రెండు తరాల బొటనవేళ్ళకు అరిగిన చిన్న పల్లం. నేలచెమ్మకు దాని అడుగు చివికిపోయింది. పాతసామాన్ల బండి వస్తే ఇచ్చేద్దామా నాన్నా అని కొడుకు అడిగాడు. పెద్దాయన పళ్ళు బిగించి ఆ మాట బయటికి రాకుండా చూసుకోబోయాడు. వచ్చేసింది. "కానీ."

"మీరాగండి," అంది వాకిట్లోంచి కోడలు, భర్తతో. "పెట్టె నాకు కావాలి. నేను బాగుచేస్తాను."

కోడలు దుకాణాలకు బోర్డులు రాస్తుంది. పెళ్ళైన కొత్తలో, నిచ్చెనలెక్కి అక్షరాలు రాసే కోడలేమిటని బంధువులు తలో మాటా అన్నారు. పెద్దాయన ఎవరికీ జవాబు చెప్పలేదు. కొన్నాళ్ళకు ఒక మడత నిచ్చెన చేసి ఆమె గది ముందు ఆనించి వెళ్ళిపోయాడు. మెట్టు మెట్టుకూ మధ్య ఎడం ఆమె అడుగుకు సరిపడా ఉంది. రంగు డబ్బా పెట్టుకోవడానికి పైన చిన్న పలక కూడా ఉంది. ఆ తరవాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. నిచ్చెన మాత్రం ఇప్పటికీ వాడుతోంది.

పెట్టెను ముందుగదిలోకి తెచ్చి, పనిముట్లన్నీ పాత పేపర్ల మీద పరిచి, మామగారి కుర్చీ పక్కకు లాగింది. చివికిన అడుగు ఊడదీసింది. ఎక్కడెక్కడినుంచో పాత తలుపు చెక్కలు తెచ్చి ఆయన ముందు పెడితే, ఆయన ఎడమచేతి వేలు మడిచి ఒక్కోదాన్నీ తట్టి విన్నాడు. ఖంగుమన్నదాన్ని ఉంచాడు, మొద్దుగా పలికినదాన్ని కాలితో నెట్టాడు. మూత బందులకు ఆమె తెచ్చిన తళతళలాడే కొత్త మరలను కూడా నెట్టేశాడు. ఆమె నవ్వుకుని, తుప్పుపట్టిన పాత మరల్నే కిరసనాయిల్లో నానబెట్టి, రుద్ది, మళ్ళీ బిగించింది. చేతులతో సాగినంతసేపు వాళ్ళిద్దరి మధ్య ఏ ఇబ్బందీ రాలేదు.

ఆమె పనిమీద బయటికి వెళ్ళిన మధ్యాహ్నాలు పెద్దాయన పెట్టె ఎదురుగా ఒక్కడే కూర్చునేవాడు. మూత తెరిచి గోడకు ఆనించి ఉండేది. ఏళ్ళ తరబడి నూనె చేతులూ దుమ్మూ తగిలి మూత లోపలి చెక్క నల్లబడింది. పనిముట్లు వేలాడిన చోట మాత్రం గాలి సోకక లేతగా ఉండిపోయింది. ఉలి ఆకారంలో ఒక తెల్లని నీడ. సుత్తి ఆకారంలో ఒకటి. రంపం, ఆకురాయి, బరమా.

మాటలు నేర్పడానికి వచ్చే ఆవిడ కప్పు బొమ్మా దువ్వెన బొమ్మా చూపించి ఇదేమిటండీ అంటే, ఆయన తలలో పొగ తప్ప మరేమీ ఉండేది కాదు. ఈ నీడల ముందు అలా కాదు. ఉలి నీడ వంక చూస్తే ముందు పిడి అరచేతిలో తగిలేది, ఆ వెనకే పేరు వచ్చేది. ఉలి. లోపలే, పెదవి కదలకుండా. ఒకదాని తరవాత ఒకటి అన్నిటినీ పిలిచేవాడు. పిలిస్తే పలికేవి ప్రపంచంలో అవే మిగిలాయి. అలా పిలుస్తూ పోతే ఏదో ఒకనాటికి ఒక పేరు గుమ్మం దాటి నోట్లోకి వస్తుందని ఆయన నమ్మకం. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది?

బయటిపని పూర్తయ్యాక కోడలు ఉప్పుకాగితమూ, లప్పం పెట్టే రేకూ పట్టుకుని మూత ముందు కూర్చుంది. ఆమె పనిలో మొదటి నియమం, రంగు వేసే చోటు శుభ్రంగా ఉండాలని. కింద మురికి ఉంటే పైన ఎంత మంచి రంగైనా పొలుసులుగా లేచిపోతుంది.

"లోపలంతా మసి పట్టేసింది మామయ్యా. గీకేసి లేత పసుపు వేస్తాను. మూత తెరిస్తే కళకళలాడాలి. గీకెయ్యనా?"

ఆయన లోపల వాక్యం మొత్తం లేచి నిలబడింది. కానీ అమ్మా, అది మసి కాదు, అవి నా మాటలు.

"కానీ," అన్నాడు.

రేకు చెక్క మీద పడింది. నల్లని పొర చుట్టలు చుట్టుకుంటూ రాలింది. ఒక చివర అరచేతి మేర తెల్లగా తేలింది. ఆ తెల్లదనంలో అంతవరకూ ఉన్న ఒక నీడ కలిసిపోయింది. "కానీ," అన్నాడు ఆయన మళ్ళీ, గట్టిగా. ఆమె సరే సరే అన్నట్టు తల ఊపి ఇంకా జోరుగా గీకింది.

పెద్దాయన కుర్చీలోంచి ముందుకు ఒరిగి, ఎడమచేతిని తీసుకెళ్ళి రేకుకు ఎదురుగా పరిచాడు.

"చెయ్యి తెగిపోయేది మామయ్యా." ఆమె రేకు వెనక్కి లాక్కుంది. కాస్త కసిరింది కూడా. "కానీ అన్నది మీరే. చెయ్యి అడ్డం పెట్టేదీ మీరేనా?"

"కానీ."

ఆమె ఏదో అనబోయి ఆగింది. రోజంతా అక్షరాలతో బతికే మనిషి. ఒక దీర్ఘం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగుతుందో చేతికి తెలుసు. ఆ మాట చివర ముగిసిపోలేదు. తరవాత ఇంకేదో రావలసి ఉన్నట్టు గాలిలో నిలబడిపోయింది. రేకు ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసింది.

"కానీ... ఏంటి మామయ్యా?"

జబ్బు చేసిన నాటినుంచీ ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. వైద్యుడు అడగలేదు, కొడుకు అడగలేదు. అందరికీ ఆ ఒక్క మాటలోనే తమకు కావలసింది దొరికేది. మొదటిసారిగా ఒకరు దాని వెనక ఇంకో మాట ఉందని గుర్తించి, దానికోసం పీట వేసి కూర్చున్నారు. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె తొందరపెట్టలేదు. వీధిలో ఏదో బండి వెళ్ళింది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె లేవలేదు.

పెద్దాయన పేపర్ల మీంచి ఉలి తీసుకుని, ఎడమచేత్తో మూత మీద దాని నీడలో పెట్టాడు. అంచుకు అంచు సరిపోయింది. తరవాత సుత్తి పెట్టాడు. ఆకురాయికి చెయ్యి చాచేలోపు ఆమెకు అర్థమైంది.

గీకిన చోట వేళ్ళతో తడిమింది. "ఎంత పని చేశాను. ఇక్కడేముండేది?"

ఆయన ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ నిటారుగా చాచి చూపించాడు.

"తుపాకీనా?"

ఆయనకు నవ్వొచ్చింది. నోరు ఒకపక్కకే వంగినా అది నవ్వే. ఆ నవ్వు కుదుపులో ఏదో వదులైంది.

"మూల," అన్నాడు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ముందు తేరుకున్నది ఆమె. "మూలన పడేస్తానా దీన్ని? మీ మంచం పక్కనే పెడతాను మామయ్యా, బెంగపడకండి." ఆయన అడ్డంగా తల ఊపాడు. ఊపిరి తీసుకున్నాడు.

"మట్టం."

ఆమె రెండు ముక్కలూ కలుపుకుని, పేపర్ల మీద కెలికి, అన్నిటి అడుగునా ఉన్న, మూలలు సరిచూసే మూలమట్టం బయటికి తీసింది. దాన్ని పట్టుకుని ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. పెద్దాయనకు ఆశ్చర్యమేసింది. మూత మీది నీడ చెరిగిపోయిన పేరే ముందుగా నోటికి వచ్చింది. అయితే పేర్లు ఉన్నది చెక్కలో కాదా? ఏమో. ఉన్నచోటు ఏదైనా, దారి తీసింది మాత్రం అడిగి, ఆగి, ఎదురుచూసిన మనిషి.

పోయిన నీడను రంగుతో అచ్చం దించేస్తానని, మీరు కూడా కనిపెట్టలేరని ఆమె అంది. చెయ్యగలదని ఆయనకు తెలుసు. "కానీ," అన్నాడు. ఆమె ఈసారి చెయ్యి కదపకుండా ఆగింది. ఆయన ఆమె ఒళ్ళోంచి లప్పం రేకు తీసుకుని, ఆ తెల్లని ఖాళీలో ఆనించి పట్టుకున్నాడు.

"నాదా? వడ్రంగి పెట్టెలో లప్పం రేకా? మీ గురువుగారు లేచొచ్చి నన్ను తంతారు."

ఆయన రేకు తియ్యలేదు. చెయ్యి నొప్పెడుతున్నా అలాగే పట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు ఎన్నడూ లేదు. అలా చెప్పుకుంటే పరాయివాళ్ళంటూ తోసేసినట్టుంటుంది. మాటలున్న రోజుల్లోనే చెప్పనిది ఇప్పుడెలా చెబుతాడు? ఆమె కాసేపు చూసి, ముక్కు ఎగబీల్చి, ఎంత ఎత్తులో చీల కొట్టాలని మాత్రం అడిగింది. ఆయన వేలుపెట్టి చూపించాడు.

మూత లోపల మరేమీ గీకలేదు. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, పల్చగా మైనం పూసి వదిలేసింది. సాయంత్రం కొడుకు వచ్చి, లోపలిది సగంలో ఆపేశావేమని అడిగితే, ఆపలేదు, అంతే పని అని చెప్పింది. పెట్టెను మోసుకెళ్ళి మంచం పక్కన పెట్టారు.

మర్నాడు పెద్దాయనకు మెలకువ వచ్చేసరికి బందులు మెల్లగా మూలిగాయి. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ చప్పుడు చేసింది తనే. ఇంకొకరు చేస్తుంటే పడుకుని వినడం ఇదే మొదలు. కోడలు చీల మీంచి తన రేకు తీసుకుంది. మూత దభీమని పడకుండా, రెండో చేత్తో అంచు పట్టుకుని దించింది. వీధి తలుపు దగ్గర నిచ్చెన భుజానికెత్తుకున్న అలికిడి. పెద్దాయన దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఇంకాసేపు పడుకున్నాడు.