నాన్న బొమ్మ కింద అన్నం గిన్నె

మా తమ్ముడు షాన్‌మింగ్ పెద్ద చిత్రకారుడట. బీజింగ్‌లో అలా అంటారు. దాతోంగ్‌లోని మా బొగ్గు కాలనీలో మాత్రం కన్నతండ్రిని ఏడాదికోసారైనా చూడ్డానికి రాని ప్రబుద్ధుడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వాడు గీసేవన్నీ ఒక్క తీరే: నోరు బార్లా తెరిచిన మనుషులు, మెలికలు తిరిగిన చేతులు, దట్టంగా పులిమిన రంగు. అదంతా లోపలి బాధ అట. జలుబు చేస్తే లోకం మునిగిపోయినట్టు మూలిగేవాడికి ఏం బాధ తెలుసునో!

నాన్నకు ఎనభయ్యో పుట్టినరోజు వచ్చింది. ఆయన కోరిక ఒక్కటే. కొడుకు గీసిన తన ముఖం గోడ మీద ఉండాలి, గనిలో తనతో పనిచేసినవాళ్ళు వచ్చి "అచ్చం నువ్వే!" అనాలి. కాలనీ అంతా చెప్పుకున్నాడు. ఎర్ర చొక్కా కుట్టించుకున్నాడు.

షాన్‌మింగ్ వెంట బొమ్మలు కొనే పెద్దమనిషి ఒకడు దిగాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికే నడవ గోడకు బొమ్మ తగిలించేశారు. ఎదురుగా చూస్తున్న ముఖం, ఉత్త నలుపూ తెలుపూ, చుట్టూ నల్ల చట్రం. మా వైపు అలాంటిది గోడకెక్కిందంటే ఆ మనిషి పోయినట్టే కదా.

"రంగు వెయ్యలేదేమిట్రా?"

"రంగు వేస్తే అబద్ధమైపోతుందక్కా. నీకర్థం కాదులే."

ముందుగా వచ్చింది బావో బాబాయి, నాన్న పాత జతగాడు. చూపు మందం. గడపలోనే ఆగి, బొమ్మకు మూడుసార్లు వంగి, బావురుమన్నాడు.

"అన్నా! ఒక్క మాటైనా చెప్పకుండా పోయావా!"

వెనక వచ్చినవాళ్ళు టోపీలు తీసేశారు. మూల కుర్చీలో ఎర్ర చొక్కాతో ఉన్న నాన్న పిలిచాడు.

"ఒరేయ్ బావో, ఇక్కడున్నాన్రా."

ఎవరూ నవ్వలేదు. పోలిక సంగతి ఎవరూ ఎత్తలేదు. చూపులన్నీ నేలకే.

నాన్న లేచి ఒక గిన్నెలో అన్నం పెట్టుకొచ్చాడు. బొమ్మ కింద బల్ల మీద ఉంచి, చనిపోయినవాళ్ళకు పెట్టినట్టు తినే పుల్లలు రెండూ అన్నంలో నిలువుగా గుచ్చాడు.

"షాన్‌మింగ్, మీ నాన్నకు పెట్టాను. దణ్ణం పెట్టుకో."

ఇప్పుడైనా సిగ్గుపడతాడనుకున్నాను. నాదే బుద్ధితక్కువ. బొమ్మలు కొనేవాడు "అద్భుతం" అన్నాడు. అంతే, మావాడి ముఖం చాటంతయింది. ఫోన్ బయటికి తీశాడు.

"నాన్నా, ఇంకోసారి గుచ్చవా? ఈసారి కాస్త నెమ్మదిగా."

నాన్న వాడివైపు చూశాడు. వీధికుక్కను కూడా ఆయన అలా చూడగా నేనెరుగను. తర్వాత వెళ్ళి బావో బాబాయి పక్కన కూర్చుని నన్ను పిలిచాడు.

"రుయ్‌ఫెన్, అందరికీ నూడుల్స్ వడ్డించమ్మా. వాడికొద్దు. వాడు పరామర్శకొచ్చాడు. ఇది నా పుట్టినరోజు విందు."