మనోజ్ఞకు సూది ఎందుకిచ్చారంటే

మా అత్తమ్మ మంగవ్వ దగ్గర అన్నిటికీ ఒకటే బెదిరింపు: "సూదిప్పిస్త!" మనుమరాలు బువ్వ తినకపోతే సూది, ఎండలో తిరిగితే సూది. వద్దని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో! "నీ మొగన్ని గిట్లనే పెంచిన, ఏమైంది?" అనేది. ఏమైందో నాకు తెలుసు. ఆయన ఈనాటికీ దవాఖాన మెట్లెక్కడు.

మొన్న స్నానాల గది రేకు తగిలి నా ఆరేళ్ల మనోజ్ఞ అరచెయ్యి తెగింది. గుడ్డ చుట్టి, పిల్లను ఎత్తుకుని, అత్తమ్మా నేనూ ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు ఉరికాం. కుట్లు వేయాలన్నారు డాక్టరు. సూది కంటబడగానే పిల్ల బల్ల మీది నుంచి దూకి మూలన నక్కింది.

"నలుగురం పట్టుకుంటే అయిపోతది," అని కొంగు బిగించింది అత్తమ్మ.

"ఎవ్వరూ దాని మీద చెయ్యి వెయ్యద్దు!" గట్టిగానే అరిచాను. నా బిడ్డను మేకపిల్లలా అదిమిపడితే నేను చూడలేను. అట్లని ఆ చెయ్యి కుట్టించకుండా ఇంటికీ తీసుకుపోలేను.

నర్సు కృపారాణి సూది పక్కన పెట్టి, పిల్ల ముందు నేల మీదే కూర్చుంది. "ఏంది బిడ్డా, ఎందుకు భయం?"

మనోజ్ఞ వెక్కుతూ అత్తమ్మ వైపు చూసింది. "పొద్దుగాల బువ్వ మొత్తం తిన్న గదా అవ్వా. మల్ల సూదెందుకు?"

ఇంటిల్లిపాదినీ గడగడలాడించే అత్తమ్మ, నొప్పుల మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూలబడింది. "నాదే తప్పు బిడ్డా. ఉత్తగనే బెదిరించిన. నువ్వేం చెయ్యలే. గీ సూది నీ చేతి దెబ్బ మానేటందుకు."

"నొప్పి లేస్తదా?"

"లేస్తది," అంది కృపారాణి, దాచకుండా. "మొదటి సూది చురుక్కుమంటది. తర్వాత చెయ్యి మొద్దుబారుతది. పొడుగ్గా ఊదుకుంట ఉండు. ఏడుపొస్తే ఏడువు. చెయ్యి మాత్రం కదపకు."

"నీళ్ల పొయ్యి ఊదుతవు సూడు, గట్ల," అంది అత్తమ్మ.

మనోజ్ఞ తనంత తానే బల్లెక్కి, నాకు ఆనుకుని చెయ్యి చాపింది. సూది దిగినప్పుడు కళ్ల నిండా నీళ్లు. అయినా బుగ్గలు పొంగించి ఊదింది. ఎదురుగా అత్తమ్మ కూడా ఊదింది. నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ ఊదాను. కుట్లు పూర్తయ్యేదాకా చెయ్యి ఇసుమంతైనా కదపలేదు నా బంగారం!

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒకామె, మనోజ్ఞ చేతి కట్టు చూపించి ఒడిలోని తన పాపను బెదిరించింది. "సూడు, అల్లరి చేసిందని అక్కకు సూదిచ్చిండ్రు. నీకు గూడ ఇప్పిస్త."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే మనోజ్ఞ అందుకుంది.

"నేనేం అల్లరి చెయ్యలే. చెయ్యి తెగింది, గందుకే ఇచ్చిండ్రు." పాప వైపు తిరిగి, "కొంచెం నొప్పి లేస్తది. ఊదుకుంట ఉంటే ఆగొచ్చు. నీకు నేర్పాల్నా?" అంది.

"నా మనుమరాలు!" అంది అత్తమ్మ ఆటో అంతా వినబడేట్టు. ఊరొచ్చేదాకా ఎక్కిన ప్రతివాళ్లకూ అదే మాట చెప్పింది. నా బిడ్డ అని ఒక్కసారైనా చెప్పుకుందామంటే నాకు సందియ్యలేదు.